కెనడా బొచ్చుతోళ్ల వర్తకం గురించి మాట్లాడాలంటే ఏ చోట్లు చూడాలి, ఎవరి పేర్లు చెప్పాలి?

పర్లాకిమిడి మాష్టారు:

సభ్యులందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పి, ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మా అబ్బాయి కెనడాలోని విన్నిపెగ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు కనుక వచ్చే జూన్‌లో నేనూ మా ఆవిడా మూడు వారాలు అక్కడ ఉండి రాబోతున్నాము. ఆ సంగతి తెలిసిన మిత్రులు, తిరిగి రాగానే మా గ్రంథాలయంలో నెలనెలా జరిగే తెలుగు సభలో కెనడా వర్తక చరిత్ర గురించి గంటసేపు మాట్లాడాలని ఇప్పటినుంచే నా చేత మాట తీసుకున్నారు.

ఈ విషయం మీద నాకు ఆసక్తి ఊరికే పుట్టలేదు. మా నాన్నగారు గుణుపురం దారిలో ఒక షావుకారు దగ్గర గుమస్తాగా ఉండేవారు. వేసవి సెలవుల్లో నేను ఆ కొట్టు గుమ్మంలో కూర్చుని సంత చూసేవాడిని. సవరలు కందులు, చోళ్లు, చింతపండు మోసుకుని తెల్లవారేసరికి కొండ దిగేవారు. పొద్దు వాలేలోగా నౌపడ ఉప్పు, పొగాకు, గుడ్డలు మూటగట్టుకుని మళ్లీ ఎక్కేవారు. ఆ కొట్టులో రెండు కుంచాలు ఉండేవి. చూపుకు రెండూ కవలలే. కానీ కందులు కొలిచి పుచ్చుకునే కుంచం వేరు, ఉప్పు కొలిచి ఇచ్చే కుంచం వేరు. రెండవదాని అడుగున వేలెడు మందాన లక్క కరిగించి పోసి, పైన మసి పూసి ఉంచేవారని నాన్నగారు ఆ ఉద్యోగం మానేసిన చాలా ఏళ్లకు గాని మాతో అనలేదు. కెనడాలో బొచ్చుతోళ్ల వర్తకం నడిపిన ఇంగ్లీషు కంపెనీ అయిన హడ్సన్ బే కంపెనీ గురించి రెండు వ్యాసాలు చదివేసరికి నాకు ఆ కుంచమే గుర్తుకు వచ్చింది. 355 ఏళ్లు నడిచిన ఆ కంపెనీ దుకాణాలన్నీ 2025 జూన్ 1 నాటికి మూతపడ్డాయని మా అబ్బాయి చెప్పాడు.

విన్నిపెగ్ నుంచి వెళ్లి రాగలిగినవాటిలో తప్పక చూడవలసిన వర్తక స్థలాలు ఏవి? దొరల పేర్లు కాక ఇంకా ఎవరిని సభలో తలచుకోవాలి? హడ్సన్ బే కంపెనీ మన ఈస్ట్ ఇండియా కంపెనీకి తోబుట్టువు అని చెప్పవచ్చునా, లేక అది నోటికి తేలికగా వచ్చే పోలిక మాత్రమేనా? తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.

బరంపురం పాఠకుడు:

మాష్టారికి నమస్కారాలు. మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే తక్కినవి దాని మీద ఆధారపడి ఉన్నాయి.

పుట్టుక వరకు రెండూ తోబుట్టువులే. ఈస్ట్ ఇండియా కంపెనీకి ఎలిజబెత్ రాణి 1600 డిసెంబరు 31న పట్టా ఇస్తే, హడ్సన్ బే కంపెనీకి రెండవ చార్లెస్ 1670 మే 2న ఇచ్చాడు. రాజుగారి దాయాది ప్రిన్స్ రూపర్ట్ దానికి మొదటి గవర్నర్. హడ్సన్ అఖాతంలోకి పారే నదులన్నీ ఏయే నేలలను తడుపుతాయో ఆ నేలంతా కంపెనీదేనని పట్టాలో రాసుకున్నారు. ఆ నదులు ఎంతవరకు పారుతున్నాయో రాసినవాడూ చూడలేదు, రాయించుకున్నవాడూ చూడలేదు. తరువాత లెక్కకడితే అది దాదాపు 39 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే నేటి మన దేశం కంటే పెద్దది. దానికి రూపర్ట్ నేల అని పేరు పెట్టారు. అక్కడ వేల ఏళ్లుగా ఉంటున్న క్రీ, డెనె తదితర జాతులకు తమ నేలకు కొత్త పేరు వచ్చిన సంగతి ఎన్నాళ్లకు తెలిసిందో మీరే ఊహించండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గీసిన గీతకు ఇటుపక్క కళ్లు తెరిచిన మనకు ఆ ఊహ కష్టం కాదు.

అసలు ఆలోచన ఇంగ్లీషువాళ్లది కాదన్నది సభలో చెప్పదగిన ముచ్చట. రాడిసన్, గ్రోసీలియే అనే ఇద్దరు ఫ్రెంచి వర్తకులు బావా బావమరుదులు. అడవుల్లోంచి బొచ్చుతోళ్లు మోసుకువచ్చినందుకు సొంత ప్రభుత్వమే జరిమానా వేయడంతో, ఉత్తరాన సముద్రం మీదుగా వెళితే తోళ్లకు దగ్గరదారి ఉందన్న రహస్యాన్ని లండన్‌కు పట్టుకుపోయారు. 1668లో నాన్‌సచ్ అనే చిన్న ఓడ గ్రోసీలియేతో బయలుదేరి, జేమ్స్ అఖాతం ఒడ్డున చలికాలం గడిపి, మరుసటి ఏడు తోళ్లతో తిరిగివచ్చింది. ఆ సరుకును చూశాకే పట్టా పుట్టింది.

పెరుగుదలలో మాత్రం దారులు చీలాయి. మన కంపెనీ శిస్తు రుచి మరిగి రాజ్యం చేసింది. హడ్సన్ బే కంపెనీ మొదటి వందేళ్లూ దాదాపుగా సముద్రపు ఒడ్డునే కూర్చుంది. 1774లో శామ్యూల్ హెర్న్ కంబర్లండ్ హౌస్ కట్టేదాకా పడమటి లోతట్టున దానికి కోఠీ లేదు. 1684లో వెలసిన యార్క్ ఫ్యాక్టరీ పేరు చూసి యంత్రాలు ఉంటాయనుకోవద్దు. 1611లో బందరులో ఇంగ్లీషువాళ్లు పెట్టిన ఫ్యాక్టరీ ఎలాంటిదో అదీ అలాంటిదే: ఫ్యాక్టర్ అనే కంపెనీ గుమస్తా కూర్చునే సరుకుల కోఠీ. అక్కడికి క్రీ మధ్యవర్తులు వందల మైళ్లు పడవల్లో తోళ్లు తెచ్చేవారు. శిస్తు లేదు, సిపాయి దండు లేదు, ఉన్నదల్లా బీవర్ అనే నీటిజంతువు బొచ్చు. ఐరోపాలో టోపీలకు దాని లోబొచ్చును నలిపి ఫెల్టు చేసేవారు. అందులోనూ కొత్త తోలు కంటే, స్థానికులు ఒకటి రెండు చలికాలాలు ఒంటి మీద కప్పుకుని పైవెంట్రుకలు రాలిపోయిన పాత తోలుకే గిరాకీ ఎక్కువ. వాడి విడిచిన బట్టకు కొత్తదానికంటే ఎక్కువ ధర పలికిన వ్యాపారం నాకు ఇంకొకటి తెలియదు.

ముగింపు సంగతి ఒక్క మాటలో చెబుతాను. పట్టాలోని నేలను 1870లో కెనడాకు అప్పగించినందుకు కంపెనీకి 3 లక్షల పౌన్లు, సారవంతమైన పట్టీలో ఇరవయ్యో వంతు భూమి దక్కాయి. అక్కడున్నవారిని అడగకుండా జరిగిన ఈ బేరం మీదనే లూయీ రియెల్ నాయకత్వంలో మెటీ ప్రజలు (ఐరోపా వర్తకులకూ స్థానిక స్త్రీలకూ పుట్టిన సంతతివారు) ఎర్రనది ఒడ్డున తిరగబడ్డారు. మీరు దిగబోయే ఊరు అదే.

గుణుపురం కొట్టు:

మాష్టారూ, మీ కుంచం కథ చదివి కాసేపు మౌనంగా ఉండిపోయాను. మాది మూడు తరాలుగా కొండసరుకు కొనే కొట్టు. మా తాతగారి కొట్టులో ఎలాంటి కుంచాలు ఉండేవో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇప్పుడు అంతా ఎలక్ట్రానిక్ కాటాయే అయినా, తూకం వేస్తున్నప్పుడు సవర ముసలివాళ్లు అంకెల వంక చూడరు, నా చేతివంక చూస్తారు.

హడ్సన్ బే కంపెనీవాళ్ల లెక్కల పద్ధతి గురించి నాకున్న ఆసక్తి వ్యాపారస్థుడి ఆసక్తి. అడవిలో నాణెం లేదు కనుక వారు ఒక లెక్కను కట్టుకున్నారు. బాగా ఆరబెట్టిన, పెద్ద, మేలైన ఒక బీవర్ తోలు ఒక ప్రమాణం. దానినే మేడ్ బీవర్ అన్నారు. నక్కతోలు ఇన్ని బీవర్లు, మార్టెన్ అనే చిన్న బొచ్చుజంతువు తోళ్లు ఎన్నయితే ఒక బీవర్, తుపాకీ ఇన్ని బీవర్లు, పౌను తూగే రాగిబిందె ఇన్ని బీవర్లు అని సరుకులన్నిటికీ ధరల పట్టీ లండన్ నుంచి వచ్చేది. 18వ శతాబ్దపు పట్టీల్లో తుపాకీ ధర సుమారు పది, పన్నెండు తోళ్లు. మన దగ్గర ఒకప్పుడు ధాన్యమే కూలికీ, నాముకీ, పెళ్లి కట్నానికీ లెక్క అయినట్టుగా అక్కడ బీవర్ లెక్క నడిచింది.

అసలు కిటుకు ఇక్కడ ఉంది. పట్టీలో ధర మార్చే అధికారం కోఠీలోని గుమస్తాకు లేదు, కానీ కొలపాత్ర అతని చేతిలో ఉంది. తుపాకీ మందు కొద్దిగా తక్కువ పోసి, గుడ్డ బెత్తెడు తక్కువ కొలిచి, పట్టీ ప్రకారం రావలసినదానికంటే ఎక్కువ తోళ్లు రాబట్టేవారు. ఇందులో నన్ను ఆశ్చర్యపరచిందేమిటంటే, దానిని దాచుకోలేదు. ఓవర్‌ప్లస్ అని పేరు పెట్టి కంపెనీ ఖాతాపుస్తకాల్లోనే జమ రాశారు. మీ షావుకారు లక్క పోసి మసి పూశాడు. వాళ్లు సిరాతో పద్దు వేశారు.

పుచ్చుకునేవాళ్లు అమాయకులని మాత్రం సభలో చెప్పకండి. 18వ శతాబ్దంలో ఆ కోఠీల్లో పనిచేసిన ఆండ్రూ గ్రాహం, బేరానికి ముందు క్రీ నాయకుడు చేసే ప్రసంగాన్ని రాసిపెట్టాడు. ముందు పొగగొట్టం కాలుస్తారు, కానుకలు ఇచ్చిపుచ్చుకుంటారు, ఆ తరువాత నాయకుడు లేచి, నీ మనుషులతో కొలపాత్ర నిండుగా నింపమని చెప్పు, అంచు లోపలికి వేళ్లు పెట్టవద్దని చెప్పు అంటాడు. మందు కొలిచేటప్పుడు పాత్రను పట్టుకునే నెపంతో వేళ్లు లోపలికి పోనిస్తే అంతమేరకు మందు మిగులుతుంది కదా. ఇది చదివిన రోజు సాయంత్రం నేను కొట్టులో డబ్బాతో పప్పు తీస్తూ నా బొటనవేలు ఎక్కడ ఉందో చూసుకున్నాను.

అప్పు సంగతి కూడా మన సంతలాంటిదే. చలి మొదలయ్యే ముందు వేటగాడికి మందు, గుళ్లు, దుప్పట్లు అప్పుగా ఇచ్చి, వసంతంలో తోళ్లతో చెల్లు వేసుకునేవారు. పోటీకి ఇంకొక వర్తకుడు ఉన్నంతకాలం ధర బాగుండేది. మాంట్రియల్ స్కాట్లు నడిపిన నార్త్ వెస్ట్ కంపెనీ ఆ పోటీ ఇచ్చింది. 1821లో రెండూ కలిసిపోయాక అప్పు ఇచ్చేవాడూ కొనేవాడూ ఒక్కడే అయ్యాడు. సంతలో ఒక్క షావుకారే మిగిలితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

తుపాకీ అమ్మేటప్పుడు దానిని నిలబెట్టి, దాని ఎత్తున తోళ్లు పేర్పించుకునేవారని కూడా ఎక్కడో చదివాను. వీలైతే సభలో చెప్పండి, జనానికి బాగా పడుతుంది.

బరంపురం పాఠకుడు:

గుణుపురంవారి రాత బాగుంది గాని, ఆ చివరిది మాత్రం చెప్పవద్దు మాష్టారూ. తుపాకీ ఎత్తున తోళ్లు పేర్చారన్న కథకు కంపెనీ పద్దుల్లో ఆధారం లేదు. ఆయనే పైన రాసిన పది, పన్నెండు తోళ్ల ధరకూ దానికీ పొంతన కుదరదు. పన్నెండు తోళ్లు ఒకదాని మీద ఒకటి వేస్తే మోకాలి దాకా కూడా రావు. కంపెనీ ఉన్నిదుప్పటి అంచున నేసిన నల్లగీతలు దాని ధర ఎన్ని బీవర్లో చెబుతాయన్నది కూడా ఇలాంటి కథే. ఆ గీతలు దుప్పటి కొలతను తెలిపేవి.

జయపురం పంతులమ్మ:

మాష్టారికి నమస్కారం. మీ రెండవ ప్రశ్నకు నా జవాబు థానడెల్తూర్. ఈ పేరును పలకడం నేర్చుకునే శ్రమ తీసుకోండి.

ఆమె డెనె జాతి యువతి. 1713లో క్రీ వాళ్ల చేత చిక్కి, తప్పించుకుని, చలికీ ఆకలికీ ఓర్చి 1714లో యార్క్ ఫ్యాక్టరీ వైపు చేరింది. అప్పటి అధికారి జేమ్స్ నైట్‌కు ఆమె మాటల్లో వ్యాపారం కనిపించింది: ఉత్తరాన డెనె వాళ్ల దగ్గర తోళ్లు ఉన్నాయి, కానీ దారిలో తుపాకులున్న క్రీ వాళ్ల భయం. 1715లో విలియం స్టూవర్ట్ అనే ఉద్యోగితోను, నూటయాభైమంది దాకా క్రీ వాళ్లతోను ఆమెను సంధికి పంపాడు. దారిలో జబ్బులు, ఆకలి వల్ల గుంపు చెదిరిపోయింది. మిగిలినవారిని ఒకచోట ఆపి, పది రోజుల్లో వస్తానని ఒంటరిగా వెళ్లి, గొంతు బొంగురుపోయేదాకా తనవాళ్లకు నచ్చజెప్పి, పెద్ద బృందాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. మరుసటి ఏడు కోఠీకి చేరాక, నాసిరకం తోళ్లు తెచ్చిన తనవాళ్లను గట్టిగా కోప్పడిందని నైటే రాశాడు. 1717 ఫిబ్రవరి 5న జబ్బుతో పోయింది. అదే సంవత్సరం చర్చిల్ దగ్గర కంపెనీ కోఠీ పెట్టింది. ఆ కోఠీకి పునాది ఎవరు వేశారని అడిగితే నేను ఆమె పేరే చెబుతాను.

ఆమెతోపాటు పేరు తెలియని మెటీ స్త్రీలను కూడా తలచుకోండి. అడవిదున్నవంటి బైసన్ మాంసాన్ని పలచగా కోసి ఎండబెట్టి, దంచి, కరిగించిన కొవ్వుతో కలిపి తోలుసంచుల్లో కుట్టే పెమ్మికాన్ వాళ్ల చేతి పని. అది లేనిదే పడవల వర్తకం ఒక్క వారం కూడా నడవదు. 1814లో ఎర్రనది సెటిల్మెంటు (వలసవచ్చినవారి స్థావరం) అధికారి దాని ఎగుమతిని నిషేధించడం వల్లనే పగ పెరిగి, 1816 జూన్ 19న సెవెన్ ఓక్స్ దగ్గర గవర్నర్ సెంపుల్‌తో సహా ఇరవై ఒక్కమంది సెటిల్మెంటు పక్షంవాళ్లు, ఒక మెటీ చనిపోయారు. మీరు జూన్‌లోనే వెళుతున్నారు గనుక ఆ స్మారక స్తంభాన్ని చూసి రండి, అది ఊళ్లోనే ఉంది.

రాయగడ ఆడపడుచు, విన్నిపెగ్:

మాష్టారూ, నమస్తే అండీ. మా పుట్టిల్లు రాయగడ, నేను ఇక్కడికి వచ్చి చాలా కాలమైంది. అత్తవారి తరఫువాళ్లు వచ్చిన ప్రతిసారీ వాళ్లను తిప్పేది నేనే కనుక చోట్ల గురించి చెప్పగలను.

ముందుగా వెళ్లవలసింది లోయర్ ఫోర్ట్ గారీ. ఊరికి ఉత్తరంగా ఎర్రనది ఒడ్డున, కారులో ముప్పావుగంట దారి. 1826 వరదలో పాత కోట పాడయ్యాక గవర్నర్ జార్జ్ సింప్సన్ 1830లో దీనిని మొదలుపెట్టించాడు. చుట్టూ సున్నపురాతి గోడ, లోపల ఆనాటి రాతి ఇళ్లు ఇంకా నిలిచి ఉన్నాయి. వేసవిలో ఆనాటి దుస్తులు వేసుకున్నవాళ్లు పనులు చేసి చూపిస్తారు. సరుకుల కొట్టు భవనంలో పైకి ఎక్కితే బొచ్చుతోళ్ల అటక ఉంటుంది. దూలాలనుంచి నక్క, తోడేలు, బీవర్ తోళ్లు వరుసగా వేలాడుతుంటాయి. బీవర్ తోలు మీద చేయి పెట్టి వేళ్లను కిందికి పోనివ్వండి: పైన గరుకు వెంట్రుక, దాని కింద దూదిలాంటి మెత్తని లోబొచ్చు తగులుతుంది. లండన్ టోపీలకు కావలసింది ఆ లోపలిదే. మా మామగారు ఆ తోలును వదిలిపెట్టడానికి ఒప్పుకోలేదు. 1871 ఆగస్టు 3న ఇక్కడి మూలవాసులతో ప్రభుత్వం చేసుకున్న మొదటి ఒడంబడిక మీద సంతకాలు జరిగింది కూడా ఈ కోటలోనే.

సింప్సన్ గురించి ఒక మాట. నలభై ఏళ్లపాటు ఈ వర్తకాన్ని నడిపిన సమర్థుడే; తెల్లవారుజామున లేచి పడవవాళ్లను పరుగులు పెట్టించేవాడు. కానీ తన పిల్లలను కన్న ఇక్కడి స్త్రీలను మాట మాత్రం చెప్పకుండా విడిచి, 1830లో లండన్ నుంచి దాయాదిని పెళ్లాడి తెచ్చుకున్నాడు. బొమ్మకు దండ వేసేముందు అది కూడా చెప్పాలని నా అభిప్రాయం.

రెండవది మానిటోబా మ్యూజియం. బరంపురంవారు చెప్పిన నాన్‌సచ్ ఓడకు 1968లో ఇంగ్లండులో కట్టిన నకలు లోపల నిలబెట్టి ఉంది, ఎక్కి తిరగనిస్తారు. సుమారు 16 మీటర్ల పొడవు. మన గోపాలపురం ఒడ్డున నిలబెడితే పెద్ద చేపల పడవ అనుకుంటారు. ఆ కొలతలో అట్లాంటిక్ దాటారన్నది ఎక్కి చూస్తే గాని మనసుకు పట్టదు.

గుణుపురంవారు రాసిన పద్దుపుస్తకాలు కూడా ఈ ఊళ్లోనే ఉన్నాయి. కంపెనీ తన పాత కాగితాలను 1974లో లండన్ నుంచి ఇక్కడికి పంపి, 1994లో మానిటోబా రాష్ట్ర పురాలేఖ భాండారానికి దానం చేసింది. చదివే గదిలో అడిగితే చూపిస్తారు. పనివేళలు ముందుగా కనుక్కుని వెళ్లండి.

నడివీధిలో కంపెనీవారి పాత దుకాణం ఉంది, 1926లో తెరిచినది. 2020లో మూసేశారు. 2022లో దానిని ఇక్కడి మూలవాసుల సదరన్ చీఫ్స్ సంఘానికి అప్పగించారు. ఆ రోజు జరిగినది అర్థం కావాలంటే పాత పట్టా తెలియాలి. రాజు ఈ నేల మీద అడుగుపెట్టినప్పుడల్లా కంపెనీ రెండు ఎల్క్‌లు (పెద్ద దుప్పులు), రెండు నల్ల బీవర్లు కప్పంగా ఇవ్వాలని 1670 పట్టాలో ఉంది. 1970లో రెండవ ఎలిజబెత్ రాణి వచ్చినప్పుడు బతికిన బీవర్లనే ఇచ్చారు. 2022లో భవనాన్ని పుచ్చుకుంటూ మూలవాసుల నాయకుడు కంపెనీ గవర్నర్ చేతికి బీవర్, ఎల్క్ తోళ్లు ఇచ్చాడు. ఆ తోళ్లు ఎటునుంచి ఎటు వెళ్లాయో గమనించండి.

యార్క్ ఫ్యాక్టరీ మీద ఆశ పెట్టుకోకండి. అక్కడికి రోడ్డు లేదు, చిన్న విమానమో పడవో దిక్కు. అబ్బాయిగారిని ఖర్చుల్లో పెట్టవద్దు. ఐస్ హాకీ స్టేడియంలో తిమోతి ఈటన్ కంచు విగ్రహం ఉంది, అది మాత్రం దారిలోనే. ఒకే ధర, రొక్కం బేరం అన్న పద్ధతితో 1869లో టొరంటోలో దుకాణం పెట్టి, 1884 నుంచి కేటలాగుతో పల్లెపల్లెకూ సరుకు పంపినవాడు. అదృష్టం కోసం జనం అతని ఎడమ బూటును రుద్దగా రుద్దగా అది బంగారంలా మెరుస్తుంటుంది. మన ఊళ్లలో అయితే ఈపాటికి పసుపు కుంకుమలు పడేవి.

బరంపురం పాఠకుడు:

ఈటన్ పేరు వచ్చింది గనుక ఇంకొక వర్తకుడిని కలుపుతాను, ఆయన పేరుకు మీ ఊరితో దూరపు చుట్టరికం ఉంది. విలియం మెక్‌మాస్టర్ 1833లో ఐర్లండ్ నుంచి టొరంటోకు వచ్చి, బట్టల టోకు వ్యాపారంలో పైకి వచ్చి, 1867లో బ్యాంక్ ఆఫ్ కామర్స్‌కు మొదటి అధ్యక్షుడయ్యాడు. 1887లో పోతూ ఆస్తిలో పెద్ద భాగం విశ్వవిద్యాలయానికి రాశాడు. ఆయన బాప్టిస్టు. ఆయన కాలంలోనే 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడలో అడుగుపెట్టి, తరువాత శ్రీకాకుళం మీదుగా పర్లాకిమిడి దాకా, సవరల కొండల్లోని సెరంగో దాకా వచ్చారు. మీ సభలో ముసలివాళ్లకు కెనడా అంటే ముందుగా గుర్తుకు వచ్చేది బొచ్చుతోలు కాదు, సెరంగో ఆసుపత్రి. అక్కడినుంచి మొదలుపెడితే వింటారు.

పర్లాకిమిడి మాష్టారు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. తోబుట్టువుల పోలికను పుట్టుక వరకే వాడుకుంటాను, తుపాకీ కథను వదిలేస్తాను. మా అమ్మగారి ప్రాణం నిలిచింది సెరంగోలోనే కనుక మొదలు అక్కడినుంచే.

నాన్నగారు ఆ కొట్టు వదిలేటప్పుడు రెండు కుంచాల్లో ఒకటి అడిగి తెచ్చుకున్నారని నిన్న మా ఆవిడ అటక మీదినుంచి దింపిన తరువాత గాని నాకు గుర్తుకు రాలేదు. లక్క పోసినదే తెచ్చుకున్నారు, ఎందుకో తెలియదు. అడుగున గోరుతో గీకితే ఎర్రగా కనిపించింది. ఇంత బరువును విమానంలో తీసుకుపోను గాని, ఫోటో తీసి ఉంచాను. పురాలేఖ భాండారంలో ఓవర్‌ప్లస్ పద్దు ఉన్న పేజీ చూపించమని అడగడానికి ఏ కోఠీ, ఏ సంవత్సరం అని చీటీ రాయాలో రాయగడ అమ్మాయి చెప్పగలిగితే, రెండు బొమ్మలూ పక్కపక్కన వేసి సభలో చూపిస్తాను.